కోటు ఉతికిన వాన

వాల్దీవియాలో జూలై అంటే
గోడలకు కూడా జలుబు చేసే నెల.
పదకొండు రోజులుగా ఒకటే ముసురు.
వాషింగ్ మెషిన్ గొంతు పట్టుకుపోయి మూలన కూర్చుంది.
కట్టెల పొయ్యి చుట్టూ దండేల మీద
మేజోళ్ళు, దుప్పట్లు, ఒర్లాందో బనీన్లు
పొగ వాసన నేర్చుకుంటున్నాయి.

అన్నిటికన్నా మొండిఘటం
నా పసుపుపచ్చ రబ్బరు కోటు.
నది ఒడ్డు సంతలో పద్నాలుగేళ్ళు చేపలు కోసిన కోటు.
తలుపు వెనక తగిలిస్తే
ఇంట్లో ఇంకో మనిషి నిలబడ్డట్టే ఉంటుంది,
స్నానం చెయ్యని మనిషి.

త్రాపో తలుపు గీకుతున్నాడు.
త్రాపో అంటే మా భాషలో గుడ్డపేలిక.
వాణ్ణి చూసినవాళ్ళెవరూ ఆ పేరెందుకని అడగరు.
వానైనా ఎండైనా వాడికి ఒకటే,
వాడి గడియారం పొట్ట కింద ఉంటుంది.

అప్పుడు తట్టింది.
కోటు తొడుక్కున్నాను. బట్టల సబ్బు తీసి
చేతులకు, రొమ్ముకు, పొట్టకు,
అందినంత మేర వీపుకు రుద్దుకున్నాను.
అందని చోట ఒర్లాందో రుద్దాడు,
పెనానికి నూనె రాసినట్టు, ఒక్క మాటా అడక్కుండా.
ముప్ఫయ్యేళ్ళ కాపురంలో మనిషి కొన్ని ప్రశ్నలు మానేస్తాడు.

ఒకే దెబ్బకు రెండు పిట్టలంటారు.
పిట్టలనెందుకు కొట్టడం?
ఒకే వానకు రెండు పనులు.

గడప దాటగానే నురగ లేచింది.
మోచేతుల దగ్గర మొదలై, అంచుల మీదుగా
బూట్లలోకి, బూట్ల నుంచి కాలువలోకి.
వీధి మొత్తం నా చాకిరేవు.
బండా నేనే, బట్టా నేనే.

కుక్క ఉత్తరానికి లాగుతోంది.
గాలివానా ఉత్తరం నుంచే.
వెళ్ళేటప్పుడు రొమ్ము, వచ్చేటప్పుడు వీపు,
లెక్క బాగానే కుదిరింది.
చంకలే మిగిలాయి. అందుకని
దీపస్తంభం దగ్గర వాడు కాలెత్తినప్పుడల్లా
నేను చేతులెత్తి నిలబడ్డాను,
పోలీసులు సోదా చేస్తున్నట్టు.
కట్టెల లారీ డ్రైవరు వేగం తగ్గించి చూశాడు,
చూసి, పెంచాడు.

దోన్యా ఎర్మోసినా కిటికీ తీసి కేకేసింది:
"ఎదెల్మీరా, నువ్వు పొంగుతున్నావే!"
"పాలు కాదులే, పొయ్యి ఆపక్కర్లేదు!"

వంతెన దాకా వచ్చాం.
అక్కడ ఆగింది.
కుక్క కాదు, వాన.
పదకొండు రోజులు ఊపిరి తీసుకోని ఆకాశం
సరిగ్గా నా వీపు నిండా సబ్బు ఉండగా
నోరు మూసుకుంది.
మబ్బుల మధ్య నీలంగా ఒక చీలిక,
ఎవరో చొక్కా గుండీ మరిచిపోయినట్టు.
ఊరంతా బయటికొచ్చి పైకి చూసింది.
నేనొక్కదాన్నే తిట్టుకున్నాను.

రేవులో సముద్ర సింహాలు నన్ను చూసి మెడలెత్తాయి.
రోజూ నేను విసిరే చేప తలకాయలే వాటి భోజనం.
ముక్కులు ఎగరేసి గాలిని వెతికాయి,
ఆమేనా? ఆమె కాదా?
తేల్చుకోలేక నీళ్ళలోకి జారిపోయాయి.
పద్నాలుగేళ్ళలో మొదటిసారి
నాకు నేనే కొంచెం అనుమానంగా తోచాను.

త్రాపో దగ్గరికొచ్చాడు.
కోటు అంచున, సబ్బు చేరని మడతలో
ముక్కు దూర్చి చాలాసేపు చదివాడు.
నేనేనని తేలాక కాబోలు
ముక్కు నుంచి తోక దాకా ఒళ్ళంతా విదిల్చి
దాచుకున్న వానంతా నా మీద కురిపించాడు.
మోకాళ్ళ దాకా కడిగేశాడు పాపం.
వాడికి అందేది అంతే.

ఇంటికొచ్చేసరికి సబ్బు ఆరి, వీపు బిర్రబిగుసుకుంది.
ఒర్లాందో గుమ్మడికాయ కలిపిన సోపైపీయాలు వేయిస్తున్నాడు.
నా చుట్టూ ఒకసారి తిరిగి వాసన చూసి అన్నాడు:
"ముందు నుంచి పెళ్ళికూతురు.
వెనక నుంచి, సంత."

రేకు కప్పు మీద మళ్ళీ టప్ మంది.
ఒకటి. ఇంకొకటి. తర్వాత లెక్కలేదు.
వేడి సోపైపీయా పళ్ళ మధ్య పట్టుకుని
పట్టీ అందుకున్నాను.
పొయ్యి పక్కన త్రాపో ఒక కన్ను తెరిచి,
నన్నూ పట్టీనీ చూసి,
మూసుకున్నాడు.

పట్టీ కొక్కేనికి తగిలించి
నన్ను నేనే తిప్పుకురావడానికి బయల్దేరాను,
ఈసారి వెనక్కి వెనక్కి నడుస్తూ,
ఉత్తరానికి.